తీసిన ఫోటో, తీసేసిన మనిషి

పళ్ళత్త అని ఆవిడకి పేరు పెట్టింది అన్నగారి కూతురు, మాటలు వచ్చీరాని వయసులో. ఆ పేరే నిలిచిపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు బ్యాంకులో తప్ప ఎక్కడా లేరు.

దంతవైద్యశాల వెనక సందులో, మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో పళ్ళత్త పాతికేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తోంది. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తాడు. ఈవిడ అందులో ప్లాస్టర్ పోసి, ఆరాక మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ వరసలో నిలబెట్టి, చివర్లో ఆకురాయితో గరుకు లేకుండా రుద్దుతుంది. మనిషిని చూడకుండానే అచ్చు చూసి గుణం చెప్పేది. "ఈయన ఒక పక్కే నములుతాడు, మొండివాడు. ఈవిడ నిద్రలో పళ్ళు కొరుకుతుంది, ఎవరి మీదో కోపం ఉంది," అనేది. ఆవిడ పళ్ళు కూడా కొరికి కొరికి అరిగిపోయాయని డాక్టరుకి తెలుసు. ఎవరి మీద కోపమో ఆయన అడగలేదు.

ఆ కోపం ఒక ఫోటోతో మొదలైంది.

తల్లీ తండ్రీ బతికుండగా ఒక ఆదివారం పూట స్టూడియో ఆయన్ని ఇంటికి పిలిపించి తీయించుకున్న ఫోటో అది. వరండా మెట్ల ముందు రెండు కుర్చీల్లో అమ్మా, నాన్నా. వెనక అన్నయ్య, వదిన, వదిన చంకలో చంటిపిల్ల. ఒక చివర పళ్ళత్త, ఇరవై రెండేళ్ళది, అమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. అమ్మకి ఆ రోజు జలుబు చేసింది. అంత ఎండలోనూ శాలువా తియ్యనని కూర్చుంది. తరవాత కొన్నాళ్ళకే అమ్మ పోయింది, వెనకే నాన్న కూడా. తల్లీకూతుళ్ళు కలిసి ఉన్న ఫోటో ఆ ఒక్కటే. అది అన్నయ్య ఇంట్లో, హాలు గోడ మీద ఉండేది.

పళ్ళత్తకి ముప్ఫై దాటాక పెళ్ళయింది. ఆరేళ్ళు కాపురం చేసి, ఒక రోజు పొద్దున్నే పెట్టె సర్దుకుని వచ్చేసింది. భర్త కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. ఆవిడ ఏ మాట అన్నా అదే మాటని ఆవిడ గొంతుతోనే వెక్కిరిస్తూ తిరిగి చెప్పేవాడు. "నీళ్ళు వేడెక్కాయి" అంటే "నీళ్ళు వేడెక్కాయీ" అనేవాడు. ఆరేళ్ళు. చెప్పుకున్న ప్రతిచోటా "ఇంతేనా?" అన్నారు. అందుకని చెప్పడం మానేసి, ల్యాబుకి దగ్గర్లో ఒక గది తీసుకుంది.

తిరిగొచ్చిన మరుసటి ఏడాది ఒక సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళి, హాల్లో కూర్చుని, అలవాటుగా గోడ వంక చూసింది. ఫోటో అక్కడే ఉంది. అందులో తను లేదు. తను నిలబడ్డ చోట నడుమెత్తు పూలకుండీ ఒకటి ఉంది, అందులో పేరు తెలియని మొక్క. పనితనం చాలా నీటుగా ఉంది. మనిషిని చంపినా ఏదో ఒక మరక మిగులుతుంది, ఇక్కడ అదీ లేదనుకుంది.

లేచి బయటకి వచ్చేసింది. అన్నయ్య మెట్ల దాకా వెంట వచ్చాడు.

"చూశావు కదూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఏం చెయ్యనమ్మా. మీ వదిన పట్టు పట్టింది. ఇంట్లో ఎదిగే ఆడపిల్ల ఉంది, మొగుణ్ణి వదిలేసినావిడ గోడ మీద ఎందుకు అంది. నువ్వు దాన్నేం అనకు, నా మీద ఒట్టు. ఇంట్లో మనశ్శాంతి ఉండదు."

అంటూ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. పళ్ళత్తే అన్న చెయ్యి పట్టుకుని ఓదార్చింది. "నీ తప్పేముందన్నయ్యా," అంది. అసలు ఫోటో ఇంకో ప్రతి ఉందేమో అని అడిగితే, స్టూడియో మూసేశారని, ఏదీ మిగల్లేదని చెప్పాడు.

ఆ రోజు నుంచి పళ్ళత్తకి వదిన పొడ గిట్టలేదు. అన్న మీద ఒట్టు ఉంది కాబట్టి నోరెత్తలేదు. నోరెత్తని కోపం ఎంత పదునుగా ఉంటుందో ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ చూపించింది. వెళ్తే తన నీళ్ళ సీసా తను తీసుకెళ్ళేది. వదిన టీ ఇస్తే చల్లారేదాకా చూసి, అలాగే వదిలేసి లేచేది. వదిన చేత్తో అల్లి పంపిన నీలం స్వెట్టరుని కత్తిరించి, ల్యాబులో యంత్రం తుడిచే గుడ్డగా వాడింది. ఒకసారి వదినకి ముందుపన్ను విరిగితే, డాక్టరుతో "నాకు ఖాళీ లేదు, బయట చేయించండి" అని చెప్పింది. బయట చేసినవాడు రంగు కలపలేక పసుప్పచ్చ పన్ను పెట్టాడు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అప్పుడే మొదలైంది. చూసినప్పుడల్లా పళ్ళత్తకి కడుపు నిండేది.

ఇలా పదకొండేళ్ళు గడిచాయి. అన్నయ్య నీటి సరఫరా ఆఫీసులో పెద్ద ఉద్యోగం దాకా వెళ్ళి రిటైరయ్యాడు. కూతురికి పెళ్ళయి, నాలుగేళ్ళ మనవరాలు కూడా ఉంది. ఒక రోజు ఆ కూతురే ఫోన్ చేసింది.

"అత్తా, అమ్మకి క్యాండిడ్ ఫోటోలు కావాలట. పక్క ఫ్లాట్‌వాళ్ళు తీయించుకున్నారు, గోడంతా పెట్టుకున్నారు. నాన్నేమో దండగ అంటున్నాడు. అమ్మ మొహం మాడ్చుకుని కూర్చుంది."

"నేను తీయిస్తా," అంది పళ్ళత్త వెంటనే.

"నువ్వా? అమ్మ కోసమా?"

"ఏం, తీయించకూడదా? మంచి ఫోటోగ్రాఫర్ని చూస్తా. అమ్మతో చెప్పు."

ఫోన్ పెట్టేశాక పళ్ళత్త ఆకురాయి అందుకుని, పాడకుండా పాతికేళ్ళయిన పాటొకటి కూనిరాగం తీసింది. ఏం చెయ్యాలో ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది.

* * *

ఫోటోగ్రాఫర్ షాపు బట్టల ఇస్త్రీ దుకాణం మీద, మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే ఆవిరి వాసన. ఫోటోగ్రాఫర్‌కి ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి. వేసుకున్న కోటుకి లెక్కలేనన్ని జేబులు, నడుముకి నొప్పి పట్టీ. చంటిపిల్లల్నీ కుక్కల్నీ తీసీ తీసీ నడుం పోయిందని తనే చెప్పింది.

"క్యాండిడ్ అంటే ఏంటమ్మా అసలు?" అని అడిగింది పళ్ళత్త.

"చెప్పకుండా తీయడం మేడమ్. ఇటు చూడండి, నవ్వండి అనడం ఉండదు. మీ పనులు మీరు చేసుకుంటుంటారు. నేను గోడ మీద బల్లిలా పడుంటా."

"చెప్పకుండా తీసేయడం మా ఇంట్లో అలవాటే," అంది పళ్ళత్త.

ఫోటోగ్రాఫర్‌కి అర్థం కాక, మర్యాదకి నవ్వింది.

"నాకొక్క షరతు ఉంది. మా వదిన ఏ ఫోటోలోనూ ఉండకూడదు. చెయ్యి గానీ, చీర కొంగు గానీ కనపడకూడదు. ఆల్బం మొత్తం తిరగేసి, తనెక్కడుందో తను వెతుక్కోవాలి."

ఫోటోగ్రాఫర్ కెమెరా తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. "అలా కుదరదు మేడమ్. ఇంట్లో తిరిగే మనిషి ఎదురుగా వస్తే నేను కళ్ళు మూసుకోలేను. నేను అన్నీ తీస్తా. ఏవి అచ్చు వెయ్యాలో మీరు ఏరుకోండి. మిగతావి నేను ఎవరికీ చూపించను. ఏరుకోవడం మాత్రం మీ చేత్తో మీరే చెయ్యాలి. ఆ పాపం నాకొద్దు."

"నా చేత్తోనే చేస్తా," అంది పళ్ళత్త సంతోషంగా.

* * *

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోటోగ్రాఫర్ అన్నయ్య ఇంటికి వచ్చింది. అన్నయ్య అప్పటికి మూడు చొక్కాలు మార్చాడు.

"సార్, మీరు మామూలుగా ఉండండి చాలు."

"మామూలుగానే ఉన్నానమ్మా. ఇదే నా మామూలు," అన్నాడు పొట్ట లోపలికి పీల్చి, గాలి బిగబట్టి. ఆ మాట పూర్తయ్యేసరికి మొహం ఎర్రబడింది.

బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నట్టు నిలబడ్డాడు. డబ్బాలో నీళ్ళు లేవు. మనవరాలు "తాతా, నీళ్ళేవి?" అని అడిగితే "ష్, ఫోటో!" అన్నాడు. అల్లుడు సోఫాలో ఫోన్ చూసుకుంటూ, నిజంగానే ఎవరినీ పట్టించుకోకుండా, అందరికంటే బాగా పడ్డాడు. కూతురు పిల్లకి జుట్టు చిక్కు తీస్తుంటే పిల్ల ఏడ్చింది, అదీ పడింది. వదిన వంటింట్లోంచి బయటకి వచ్చి కెమెరాని చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికి పోయింది. పళ్ళత్త ఒక మూల కుర్చీలో కూర్చుని, ఏయే ఫోటోలు పారెయ్యాలో మనసులో గుర్తు పెట్టుకుంటోంది.

పదకొండు గంటలకి వదిన టీ కాచింది. కప్పులు బయటకి తీసుకెళ్ళమని ట్రే పళ్ళత్త చేతికిచ్చింది. హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేని గుమ్మం, దాని పక్కనే గిన్నెలు అందుకోవడానికి ఒక చిన్న కిటికీ ఉన్నాయి. పళ్ళత్త ట్రేతో గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు ఫోటోగ్రాఫర్ మాట వినపడింది. అన్నయ్య బిగుసుకుపోయి ఉంటే, మాటల్లో పెట్టి వదులు చేద్దామని గోడ మీద ఫోటో గురించి అడుగుతోంది.

"సార్, ఈ పూలకుండీ తరవాత పెట్టించారు కదూ?"

అన్నయ్య ఆశ్చర్యపోయాడు. "ఎలా కనిపెట్టావమ్మా? ఇన్నేళ్ళలో ఒక్కడు పట్టుకోలేదు!"

"అమ్మగారి భుజం చూడండి. శాలువా నాలుగు చోట్ల నొక్కుకుపోయి ఉంది, ఎవరో చెయ్యి వేసినట్టు. కుండీ చెయ్యి వెయ్యదు కదా సార్."

అన్నయ్య పకపకా నవ్వాడు. పొద్దుట్నుంచి బిగబట్టిన పొట్ట ఒక్కసారి వదిలేశాడు.

"భలే దానివే! అక్కడ ఉండేది మా చెల్లెలు. ఆ కథ చెప్తా విను. నా ప్రమోషన్ ఫైలు మా పై ఆఫీసరు బల్ల మీద ఉంది. ఆయన్ని భోజనానికి పిలిచా, వస్తానన్నాడు. తీరా కనుక్కుంటే ఆయనెవరు? మా చెల్లెలు వదిలేసి వచ్చిన మొగుడికి స్వయానా పెదనాన్న కొడుకు! హాల్లో ఈవిడ మొహం చూస్తే నా ఫైలు గతేంటి? ఫోటో తీసి దాచేద్దామంటే గోడ మీద తెల్లగా మచ్చ. స్టూడియోకి పట్టుకెళ్ళి, ఈ మనిషిని తీసేసి ఏదైనా పెట్టవయ్యా అన్నా. ఏం పెట్టమంటారన్నాడు. వాడి గుమ్మంలో కుండీ కనపడింది. అదే పెట్టేయ్ అన్నా. ప్రమోషన్ వచ్చేసింది!"

"మరి ఆవిడ ఏమీ అనలేదా?"

"అక్కడే కదా తెలివి. మా ఆవిడే పట్టు పట్టిందని చెల్లెలికి చెప్పా. చెల్లెలే తీసేయమందని మా ఆవిడకి చెప్పా. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు, నన్నెవరూ అడగరు. పదకొండేళ్ళు! ఇంట్లో ఒక్క గొడవ లేదు!"

చెప్తూ వేలు చాచి ఫోటోలో కుండీని చూపించాడు, నోరంతా తెరిచి నవ్వుతూ. కెమెరా టక్కుమంది.

పళ్ళత్త చేతిలో ట్రే ఉంది. నాలుగు కప్పుల నిండా టీ. ఒక్క చుక్క తొణకలేదు. ముందుకొచ్చి బల్ల మీద పెట్టింది. అన్నయ్య ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చావే?" అన్నాడు.

"ఇప్పుడే," అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.

కిటికీ దగ్గర వదిన నిలబడి ఉంది. ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో తుడిచే గుడ్డ. ఆ పళ్ళెం ఎప్పుడో ఆరిపోయింది, అయినా తుడుస్తూనే ఉంది.

"'మీ మొహాల పక్కన నా మొహం ఉండకూడదు, నన్ను తీసేయండి' అన్నావట," అంది వదిన. "ఆయన నాకు అలా చెప్పారు. రెండు రోజులు అన్నం సహించలేదు. అంత మాట పడేంత తప్పు నేనేం చేశానా అని పదకొండేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నా."

"మొగుణ్ణి వదిలేసినావిడ గోడ మీద ఎందుకు అన్నావట నువ్వు."

"నేనా! నువ్వు వచ్చేసిన రోజు మంచి పని చేసిందని నేనే కదా అన్నది. అప్పుడు కూడా ఆయన నా నోరు మూయించారు."

వదినే మళ్ళీ అడిగింది, చిన్నగా.

"ఆ నీలం స్వెట్టరు ఎప్పుడైనా వేసుకున్నావా?"

"బాగా పనికొచ్చింది వదినా," అంది పళ్ళత్త.

వదిన పళ్ళెం పైకెత్తి చూసింది. "దీన్ని తీసుకెళ్ళి ఆయన నెత్తి మీద పగలగొట్టనా?"

"వద్దు. పగిలేది పళ్ళెమే. ముందు ఫోటోలు రానీ."

పళ్ళత్త వంటింటి గట్టు మీద మిగిలిన టీ కప్పు అందుకుని నిలబడే తాగేసింది. టీలో పంచదార ఎక్కువైంది. ఆ సంగతి వదినతో చెప్పలేదు.

* * *

పది రోజులకి ఫోటోగ్రాఫర్ కబురు చేసింది. పళ్ళత్త వెళ్ళేసరికి కంప్యూటర్లో నాలుగు వందల పైన ఫోటోలు తెరిచి పెట్టి ఉన్నాయి.

"ముందు ఇది చూడండి," అంది ఫోటోగ్రాఫర్. "మీకు చూపించాలా, చెరిపేయాలా అని వారం రోజులు ఆలోచించా."

అన్నయ్య వేలు గోడ మీద పాత ఫోటోని చూపిస్తోంది. పై పళ్ళూ కింది పళ్ళూ కనపడేలా నవ్వుతున్నాడు. ఆయన వెనక గుమ్మంలో పళ్ళత్త, చేతిలో ట్రే. పక్కన చిన్న కిటికీలో వదిన, పళ్ళెం పట్టుకుని. ఆడవాళ్ళిద్దరూ ఆయన వీపు వంకే చూస్తున్నారు. ఇద్దరి చూపూ ఒకటే. ముగ్గురూ ఎంత స్పష్టంగా పడ్డారంటే, ట్రేలో టీ మీది పొగ కూడా కనపడుతోంది.

పళ్ళత్త దాని ముందు చాలాసేపు కూర్చుంది. ఆ ఫోటోలో తన మొహం తనకే కొత్తగా ఉంది. ఎప్పుడూ చూసుకోని మొహం. అన్నని ఓదార్చిన సాయంత్రం గుర్తొచ్చి చెంపలు వేడెక్కాయి. వదిన నోట్లో పసుప్పచ్చ పన్ను గుర్తొచ్చింది. తప్పు చెయ్యని మనిషి మీద అంత ఓపిగ్గా, అంత శ్రద్ధగా కక్ష తీర్చుకుంది. ఆ ఓపికంతా ఇప్పుడు అసలు మనిషి కోసం మళ్ళీ మొదటి నుంచి కూడదీసుకోవాలి.

"ఇదొక్కటే పెద్దది చెయ్యి. తలుపంత."

"మేడమ్, నేను చెప్పకూడదు గానీ, కోపంలో చేసిన పనికి తరవాత బాధ పడతారేమో."

"పదకొండేళ్ళు వేరే మనిషి మీద పెట్టుకున్నానమ్మా ఈ కోపం. అంతా వృథా పోయిందే అనే బాధ తప్ప నాకిప్పుడు ఇంకేం లేదు. ఫ్రేము మంచిది వెయ్యి. బరువుగా ఉండాలి."

మిగతా ఆల్బం పళ్ళత్త తన చేత్తోనే ఏరింది. వదిన ఉన్న ప్రతి ఫోటో ఉంచింది.

* * *

అన్నయ్య రిటైరైన ఏడాదికి పాత ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలిచాడు. అసలు గురి ఆ పై ఆఫీసరు మీదే. ఆయన కూడా ఎప్పుడో రిటైరయ్యాడు గానీ, ఆయన మాట ఇంకా చెల్లుతుంది. ఆయన ఒక్క మాట చెబితే సలహాదారుగా రెండేళ్ళు మళ్ళీ కుర్చీ దొరుకుతుందని అన్నయ్య ఆశ.

పెద్ద ఫ్రేము వస్తోందని అన్నయ్యకి తెలుసు. మొక్కలకి నీళ్ళు పోస్తున్న ఫోటో అయ్యుంటుందని ఆయన నమ్మకం. పొద్దున్న ఆయన బజారుకి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళిద్దరూ దాన్ని గోడకెత్తి, మీద దుప్పటి కప్పారు.

"అందరూ వచ్చాక తీద్దాం," అంది వదిన. "మీ ఆఫీసరు గారి చేత తీయిద్దాం."

"శభాష్! నీకు కూడా తెలివి వస్తోందే," అన్నాడు అన్నయ్య.

పదిహేను మంది వచ్చారు. ఆఫీసరు కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. భోజనాలయ్యాక అన్నయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని గోడ దగ్గరకి తీసుకెళ్ళి, దుప్పటి కొస ఆయన చేతికిచ్చాడు. ఆయన లాగాడు.

మొదట అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఒక్కొక్కళ్ళే ఆపేశారు.

"బాగా పడ్డావోయ్," అన్నాడు ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుంటూ. "ఇంతకీ దేన్ని చూపిస్తున్నావ్? అంత నవ్వొచ్చే సంగతేంటి?"

అన్నయ్య మొహంలో రంగు దిగిపోయింది. "ఏం లేద్సార్. ఊరికే ఏదో జోకు."

"ఊరికే ఏంటండీ," అంది వదిన. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "ఆ రోజు ఫోటోగ్రాఫర్‌కి ఎంత బాగా చెప్పారు! ఆఫీసరు గారికి కూడా చెప్పండి. అలాగే చెప్పండి, నవ్వుతూ."

"నువ్వు లోపలికెళ్ళి భోజనాలు చూడు."

"భోజనాలు అయిపోయాయి. చెప్పండి."

అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. పళ్ళత్త కుర్చీ దగ్గరకి లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చెప్పన్నయ్యా," అంది. "నేను కూడా మొదట్నుంచీ వినలేదు."

ఆయన చెప్పలేదు. వదినే చెప్పింది. ఫైలు, భోజనం, స్టూడియో, కుండీ, ఇద్దరికీ చెప్పిన రెండు అబద్ధాలు. ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తగ్గించలేదు. ఎవరో చేతిలో గ్లాసు కింద పెట్టారు.

ఆఫీసరు ఫోటోలో గుమ్మం వైపు వేలు చూపించాడు. "ఈవిడేనా మా తమ్ముడి భార్య?"

"ఒకప్పుడు," అంది పళ్ళత్త.

"నాకు తెలుసమ్మా. మీ అన్న ఫైల్లో ఇంటిపేరు చూసిన రోజే తెలుసు. మావాడితో ఆరేళ్ళు ఎలా ఉన్నావా అని మా ఇంట్లో ఆడవాళ్ళంతా అనుకునేవాళ్ళు. వాడికి వాళ్ళమ్మే జవాబు చెప్పేది కాదు." అన్నయ్య వైపు తిరిగాడు. "ఆ ప్రమోషన్ నీకు ఎలాగూ రావాల్సిందే కదయ్యా. వరసలో నువ్వే ఉన్నావు. దీనికోసం తోడబుట్టినదాన్ని గోడ మీంచి తీసేశావా?"

ఆఫీసరు కర్ర అందుకుని, ఇంట్లో పని ఉందని బయల్దేరాడు. సలహాదారు కుర్చీ మాట ఎవరూ ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తరవాతా.

* * *

అన్నయ్య ఆ రాత్రి నుంచి చెల్లెలితో మాట మానేశాడు. వారంలోపే ఫ్రేము దించి మంచం కింద పెట్టాడు. వదిన బయటకి తీసి మళ్ళీ తగిలించింది. రెండోసారి దించితే వడ్రంగిని పిలిపించి, నాలుగు మూలలా స్క్రూలు బిగించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగుతారు. ఆగి "ఏం చూపిస్తున్నారండీ?" అని అడుగుతారు. అడిగినప్పుడల్లా వదిన వంటింట్లోంచి వచ్చి మరీ చెప్తుంది. అన్నయ్య ఎవరొచ్చినా బాల్కనీలోకి పోవడం అలవాటు చేసుకున్నాడు. మొక్కలకి నిజంగానే నీళ్ళు పోస్తున్నాడు.

పళ్ళత్త వదిన ముందుపన్ను తీయించి, తన చేత్తో కొత్తది చేసింది. రంగు నాలుగుసార్లు కలిపింది. క్షమించమని మాత్రం అడగలేదు. వదిన కూడా, ఇదివరకు ఖాళీ ఎందుకు లేకపోయిందని అడగలేదు.

ఆరు నెలలకి ఒక మధ్యాహ్నం అన్నయ్య ల్యాబుకి వచ్చాడు. మెట్ల కింద గదిలోకి తల వంచుకుని దూరాలి. దూరి, స్టూలు మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు.

"ఇంకెన్నాళ్ళు ఉంచుతారే దాన్ని?"

పళ్ళత్త చేతిలో పని ఆపలేదు. "నన్ను ఎన్నాళ్ళు ఉంచావు కుండీలో?"

"పదకొండేళ్ళు."

"అయితే ఇంకా పదిన్నర ఉంది."

"అప్పటికి నేను ఉంటానో, ఉండనో."

"ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో."

అన్నయ్య స్టూలు దగ్గరకి జరుపుకున్నాడు. "అమ్మ ఉంటే నన్నిలా చేయనిచ్చేదా?"

అప్పుడు పళ్ళత్త ఆకురాయి కింద పెట్టింది. "అమ్మ పేరెత్తకు. అమ్మ పక్కన నేనున్నది ఆ ఒక్క ఫోటోలో. అది నీ ఇంట్లో ఉందని నిశ్చింతగా ఉన్నా. నువ్వు దాన్ని ఒక పూట భోజనానికి మార్చుకున్నావు. పోనీ మార్చుకున్నావు, నిజం చెప్పుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. నా చేత నీ కన్నీళ్ళు తుడిపించుకున్నావు చూడు, అది నాకు అరగట్లేదు."

ఆయన తల ఊపాడు. తప్పయిందని అనలేదు. అంటాడేమోనని పళ్ళత్త కొంచెంసేపు చూసింది, చూసినందుకు తన మీద తనకే విసుగొచ్చింది. ఆయన లేచి, గుమ్మానికి తల తగిలించుకుని, రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆదివారాల్లో ఆడవాళ్ళిద్దరూ కలిసి బజారుకి వెళ్తారు. పదకొండేళ్ళు మాట్లాడని వదిన దగ్గర పదకొండేళ్ళ మాటలు పోగుపడి ఉన్నాయి. చెప్పుల షాపులో మొదలుపెడితే బస్సు దిగేదాకా ఆపదు. చెప్పిందే చెప్తుంది. పళ్ళత్తకి తల నొప్పి పుడుతుంది.

"నాన్నని ఇంక క్షమించెయ్యచ్చు కదత్తా," అని ఒకసారి మేనకోడలు అడిగింది.

"చూద్దాంలే," అంది పళ్ళత్త. "ముందు మీ అమ్మని కాసేపు ఊరుకోమను."